పదకొండున్నర నెలల నిల్వకు వేట తుపాకీని సిద్ధం చేయడం: సమగ్ర మార్గదర్శి

మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట ఏటా నవంబరు 15న మొదలై 30న ముగుస్తుంది. ఆ తర్వాత డిసెంబరులో మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకీ) సీజన్ కొన్నాళ్లు ఉంటుంది గానీ, ఎక్కువమందికి నవంబరు ఆఖరుతోనే వేట అయిపోతుంది. అంటే తుపాకీ అడవిలో గడిపేది పదహారు రోజులు, ఇంట్లో గడిపేది పదకొండున్నర నెలలు. వానలో, మంచులో, బురదలో తిరిగిన ఆ పదహారు రోజుల గురించి అందరూ జాగ్రత్తపడతారు. కానీ తుప్పు పట్టేది ఇంట్లోనే.

నా మొదటి సీజన్ అయ్యాక షాట్‌గన్‌ను పొడిగుడ్డతో తుడిచి, లోపల స్పాంజి పరిచిన గట్టి పెట్టెలో పెట్టి, బేస్‌మెంట్‌లో ఒక మూలకు చేర్చాను. మరుసటి అక్టోబరులో పెట్టె తెరిస్తే రిసీవర్ (గొట్టం వెనుక, తూటాను ఎక్కించి పేల్చే యంత్రం ఉండే భాగం) కుడివైపున ఒక బొటనవేలి ముద్ర ఉంది. గీతలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా, నారింజ రంగులో. పెట్టెలో పెట్టేటప్పుడు నేను పట్టుకున్న చోటు అది. నూనె, సన్నని ఉక్కు పీచుతో రుద్దితే తుప్పు పోయింది. దానితోపాటు ఉక్కు మీది నల్లని పూతా పోయింది. ఇప్పటికీ ఏటవాలు వెలుగులో చూస్తే ఆ ముద్ర ఆకారంలో సన్నని గుంటలు కనిపిస్తాయి.

చెమటలో ఉప్పు ఉంటుంది. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు చెమ్మగిల్లడం మనందరం చూసిందే. వేలి ముద్రలోని ఉప్పు కూడా ఉక్కు మీద కూర్చుని గాలిలోని తేమను అలాగే లాక్కుంటుంది. జింక రక్తంలోనూ ఉప్పే. కాబట్టి నిల్వకు ముందు చేసే పనంతా మూడు ముక్కల్లో ఉంది: ఉప్పును, మసిని తీసేయడం, పలుచని నూనె పొర వేయడం, పొడి చోట పెట్టడం. ఈ మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ కాపాడలేవు.

చట్టం గురించి కొంచెం

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వినోదం కోసం వేటాడటం నేరం. అందుకే ఈ వ్యాసం అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడే తెలుగువారిని ఉద్దేశించింది. ఇక్కడ హెచ్1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండకూడదన్నది ఫెడరల్ చట్టంలోని సాధారణ నియమం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. అందువల్ల సీజన్ అయ్యాక లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో తప్పక చూసుకోండి. తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కే దానితో ముడిపడి ఉండవచ్చు. సందేహం ఉంటే న్యాయవాదిని అడగండి, తోటి వేటగాణ్ణి కాదు.

ఇంటికి చేరిన రాత్రి

చలిలో నాలుగు గంటలు ఉన్న తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెచ్చి పెట్టె తెరిస్తే, చల్లటి సీసా మీద పట్టినట్టే దాని ఒంటినిండా నీటి బిందువులు పడతాయి. బయటే కాదు, గొట్టం లోపల, తూటా వెనుక మూసే బోల్ట్ లోపల, ట్రిగ్గర్ అమరికలో కూడా. అందుకని ప్రతి వేట రోజూ ఇంటికి బయలుదేరే ముందే దాన్ని ఖాళీ చేసి, పెట్టెలో మూసి తీసుకురండి. ఇంట్లో తాళం ఉన్న గదిలో మూడు నాలుగు గంటలు మూసే ఉంచండి. ఉక్కు గది వేడికి వచ్చాక తెరవండి. అప్పటికే తడిసి ఉంటే మాత్రం ఆగవద్దు. వెంటనే తీసి, తుడిచి, గాలికి ఆరనివ్వండి.

ఖాళీ చేయడం

ఇందులో వరుస ముఖ్యం. ముందు తుపాకీ మూతిని, అంటే గుండు బయటకు వచ్చే కొసను, సురక్షితమైన దిక్కుకు తిప్పండి, వేలు ట్రిగ్గర్ దగ్గరకు పోకూడదు. తర్వాత మ్యాగజైన్ (తూటాలు నింపే అర) తీయండి. ఆ తర్వాతే బోల్ట్ తెరవండి. ఈ రెంటినీ తారుమారు చేస్తే, బోల్ట్ తెరిచి మూసినప్పుడు మ్యాగజైన్‌లోని మరో తూటా చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనుక కొసన ఉండే అరలోకి, ఎక్కి కూర్చుంటుంది. చేతిలో ఒక తూటా పడింది కదా అని మనం ఖాళీ అయిందనుకుంటాం. శుభ్రం చేస్తూ పేలిన ప్రమాదాలకు ఈ పొరపాటు ఒక పాత కారణం.

చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. పంప్ షాట్‌గన్ అయితే గొట్టపు మ్యాగజైన్ లోపల కూడా వేలు పెట్టి చూడండి. అక్కడ ఇరుక్కున్న తూటా బయటకు కనిపించదు. తర్వాత గదిలో ఉన్న తూటాలన్నిటినీ వేరే గదికి తీసుకెళ్లి తాళం వేయండి. బల్ల మీద తుపాకీ ఉన్నంతసేపు ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. నేను ఈ నియమానికి ఎన్నడూ మినహాయింపు ఇవ్వలేదు, మీరూ ఇవ్వవద్దు.

పని చేసే చోటు, కావలసిన వస్తువులు

అన్నం తినే బల్ల మీద ఈ పని చేయకండి. తూటా అడుగున ఉండే ప్రైమర్ నుంచి, సీసపు గుండ్ల నుంచి వచ్చే మసిలో సీసం ఉంటుంది. పిల్లల మెదడుకు సీసం ఎంత కొద్దిదైనా చేటే. గ్యారేజీలో పాత వార్తాపత్రికలు పరిచి, తలుపు కాస్త తెరిచి, నైట్రైల్ చేతొడుగులు వేసుకుని కూర్చోండి. చేతొడుగులతో రెండు లాభాలు: సీసం మనకు అంటదు, మన చెమట తుపాకీకి అంటదు.

కావలసినవి ఇవి: తుపాకీ కొలతకు సరిపోయే ఒంటి ముక్క రాడ్, రాడ్‌ను గొట్టంలో తిన్నగా నడిపే బోర్ గైడ్, కంచు బ్రష్, నైలాన్ బ్రష్, నూలు గుడ్డ ముక్కలు, మసి వదిలించే సాల్వెంట్, రాగి వదిలించే సాల్వెంట్, తుప్పును ఆపే తుపాకీ నూనె. మూడు ముక్కలుగా కలిపే చవక రాడ్లు వంగుతాయి, వాటి అతుకులు గొట్టం లోపలి గాడులను గీకుతాయి. ఖర్చు పెట్టగలిగితే ముందుగా రాడ్ మీద పెట్టండి.

సాల్వెంట్లలో 1903 నుంచి అమ్ముడవుతున్న హోప్స్ నంబర్ 9 నాకు అలవాటు. సీసా మూత తీయగానే మిగలపండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. మరో రకం వాడేవారు నష్టపోయేదేమీ లేదు.

గొట్టం

సగం పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. కాల్చిన గొట్టంలో రెండు రకాల మలినం ఉంటుంది. ఒకటి తుపాకీ మందు కాలిన నల్లని మసి. రెండోది గుండు తొడుగు నుంచి రాసుకుపోయి గాడులకు అంటుకున్న రాగి. వీటి పొరల కింద తేమ దాక్కుంటుంది. పైనుంచి ఎంత నూనె రాసినా ఆ తేమను చేరదు, అడుగున గొట్టం గుంటలు పడుతూనే ఉంటుంది.

బోల్ట్ తీసేసి, వెనుక నుంచి బోర్ గైడ్ అమర్చండి. రాడ్‌ను ఎప్పుడూ చాంబర్ వైపు నుంచి మూతి వైపుకు పంపండి. గుండు చివరిసారిగా తాకి వెళ్లేది మూతి అంచునే. రాడ్ రాసుకుని ఆ అంచు ఒకవైపు అరిగితే గుండు గురి తప్పుతుంది. వెనుక నుంచి రాడ్ పెట్టడానికి వీలులేని కొన్ని లీవర్ రైఫిళ్లు ఉంటాయి. వాటికి మెత్తటి తీగతో లాగే పరికరం వాడండి, లేదా మూతికి రక్షణ తొడుగు పెట్టి రాడ్ వాడండి.

సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ ముక్కను పంపండి. బయటకు వచ్చేటప్పటికి అది బొగ్గులా ఉంటుంది. దాన్ని మూతి దగ్గరే తీసేయండి, మురికి గుడ్డను వెనక్కి లాగవద్దు. అలా మూడు ముక్కలు పంపి పది నిమిషాలు ఆగండి. తర్వాత కంచు బ్రష్‌ను తడిపి పదిసార్లు నడపండి. బ్రష్ పూర్తిగా మూతి బయటకు వచ్చాకే వెనక్కి లాగాలి. గొట్టం మధ్యలో దిశ మార్చాలని చూస్తే కుచ్చులు మడతపడి ఇరుక్కుంటాయి. మళ్లీ రెండు తడి గుడ్డలు, రెండు పొడి గుడ్డలు. నలుపు బూడిద రంగుకు, బూడిద తెలుపుకు వచ్చేవరకు ఇలాగే చేయండి.

ఇక రాగి. రాగి సాల్వెంట్లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, మూత తీస్తే కళ్లు మండుతాయి. తడి గుడ్డ పంపి, సీసా మీద రాసిన సమయం వరకే ఉంచి, మరో గుడ్డ పంపండి. అది నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో వస్తే గొట్టంలో రాగి ఉన్నట్టు. ఇక్కడే చాలామంది మోసపోతారు. గుడ్డను పట్టే మొన ఇత్తడిది అయినా, బ్రష్ కంచుది అయినా సాల్వెంట్ వాటిలోని రాగినీ కరిగిస్తుంది. గొట్టం ఎప్పుడో శుభ్రపడినా గుడ్డ నీలంగానే వస్తూ ఉంటుంది. ఈ దశలో నైలాన్ బ్రష్, నికెల్ పూత ఉన్న మొన వాడండి.

ఏడాదికి ఇరవై గుళ్లు కాల్చే వేట రైఫిల్‌కు ఆఖరి రవ్వ వరకూ రాగి తీయాల్సిన పని లేదని నా అభిప్రాయం. గుడ్డ లేత నీలానికి వస్తే చాలు. కానీ మసి మాత్రం మిగలకూడదు. అమ్మోనియా సాల్వెంట్‌ను రాత్రంతా గొట్టంలో వదిలేయకండి. అది ఉక్కుకే హాని చేయవచ్చు. పని కాగానే మామూలు సాల్వెంట్ గుడ్డ ఒకటి, పొడి గుడ్డలు రెండు పంపి పూర్తిగా తీసేయండి.

చివరగా నాలుగైదు చుక్కల నూనె వేసిన గుడ్డను ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి పంపండి. గొట్టంలోకి వెలుగు పెట్టి చూస్తే మెరుపు కనిపించాలి, తడి కారకూడదు.

చాంబర్, బోల్ట్, ట్రిగ్గర్

చాంబర్ గొట్టం కంటే వెడల్పు కాబట్టి గొట్టానికి పంపిన గుడ్డ దాన్ని తాకదు. చాలా తుపాకులు తుప్పు పట్టేదీ ఇక్కడే. చాంబర్ బ్రష్‌కు గుడ్డ చుట్టి విడిగా తుడవండి, పలుచగా నూనె రాయండి.

బోల్ట్ ముఖం మీద, తూటాను బయటకు లాగే కొక్కెం కింద పేరుకున్న మసిని పాత పళ్ల బ్రష్‌తో తీయండి. బోల్ట్ లోపల తూటాను కొట్టి పేల్చే పిన్నుకు చిక్కటి గ్రీజు పెట్టకండి. చలిలో అది గడ్డకట్టి పిన్ను వేగాన్ని తగ్గిస్తుంది. మరుసటి నవంబరు తెల్లవారుజామున మంచి జింక ఎదురుగా నిలబడ్డప్పుడు టక్కుమన్న చప్పుడు ఒక్కటే మిగులుతుంది. లోపల పలుచని నూనె పొర చాలు. గ్రీజు రాయవలసింది ఒకదానిపై ఒకటి గట్టిగా రాసుకునే చోట్ల, అదీ బియ్యపు గింజంత.

ట్రిగ్గర్ అమరికను విప్పవద్దు, నూనెతో ముంచవద్దు. నూనె దుమ్మును పట్టి జిగురవుతుంది. అడవిలో మట్టి చేరితే గాలి కొట్టి వదిలేయండి. విప్పాల్సినంత పాడైతే తుపాకీ మరమ్మతు తెలిసినవారికి ఇవ్వండి.

షాట్‌గన్ అయితే

మిషిగన్ దక్షిణ ప్రాంతాల్లో జింకల వేటకు షాట్‌గన్ వాడకం చాలా కాలంగా ఉంది. పంప్ షాట్‌గన్‌ను విప్పడం తేలిక. 1950ల నుంచి వస్తున్న రెమింగ్టన్ 870లో ముందు పిడిని సగం వెనక్కి లాగి, మ్యాగజైన్ కొస మూతను విప్పితే గొట్టం ముందుకు వచ్చేస్తుంది. షాట్‌గన్ గొట్టంలో మసితోపాటు గుండును మోసే ప్లాస్టిక్ కప్పు కరిగి అంటుకున్న పొర కూడా ఉంటుంది. సాల్వెంట్‌ను పదిహేను నిమిషాలు నాననిచ్చి బ్రష్ తిప్పితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది.

చోక్‌ను, అంటే గుండ్లు ఎంత విస్తరించాలో నిర్ణయించడానికి మూతిలో బిగించే చిన్న గొట్టాన్ని, తప్పకుండా విప్పండి. ఏడాదంతా బిగించే ఉంచితే మరల మధ్య తుప్పు పట్టి మళ్లీ ఊడిరాదు. మరలు రెండువైపులా తుడిచి, కొంచెం గ్రీజు రాసి తిరిగి బిగించండి. విడిగా పెడితే ఎక్కడో మర్చిపోయి, మరల మీదే గుండు వెళ్లేలా కాల్చి గొట్టాన్ని పాడు చేసుకునే ప్రమాదం ఉంది.

మజిల్‌లోడర్ అయితే ఆ రాత్రే

నల్ల తుపాకీమందు, దాని బదులు వాడే పొడులు కాలాక మిగిలే బూడిదలో లవణాలు ఉంటాయి. ఒక్క రోజు వదిలేసినా గొట్టం ఎర్రబడుతుంది. ఇక్కడ నూనె పనిచేయదు, ఎందుకంటే ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. వేడినీటిలో కాస్త సబ్బు కలిపి, వెనుక బిరడా విప్పి, గొట్టాన్ని కడగండి. నీరు తేటగా వచ్చాక శుభ్రమైన వేడినీటితో మరోసారి కడిగితే ఆ వేడికే ఉక్కు త్వరగా ఆరుతుంది. పూర్తిగా ఆరిందని తేలాక నూనె గుడ్డ పంపండి. మరుసటి రోజు, వారం తర్వాత మళ్లీ ఒక గుడ్డ పంపి చూడండి. ఎర్రగా వస్తే మొదటి నుంచి మొదలుపెట్టండి. బిరడా మరలకు పట్టేయకుండా ఆపే పేస్టు రాయడం మరవకండి.

పై భాగాలకు నూనె

ఉక్కు మీద కనిపించే నల్లని నీలి పూత, బ్లూయింగ్, కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే. దానంతట అది తుప్పును పెద్దగా ఆపదు. నూనెను పట్టి ఉంచుతుంది, అంతే. స్టెయిన్‌లెస్ తుపాకీ కూడా తుప్పు పడుతుంది, కాస్త ఆలస్యంగా.

ముందు పొడిగుడ్డతో, తర్వాత సాల్వెంట్ చుక్క వేసిన గుడ్డతో ఒళ్లంతా తుడిచి వేలి ముద్రలు, రక్తపు మరకలు పోగొట్టండి. స్లింగ్ (భుజానికి వేసుకునే పట్టీ) తగిలించే కొక్కేలు, స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగింపుల అడుగు, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) గొట్టాన్ని కలిసే సన్నని సందు వంటివి తప్పించుకునే చోట్లు. సందులో నీరు చేరిందన్న అనుమానం ఉంటే స్టాక్ విప్పి చూడండి.

నూనె ఎక్కువ రాస్తే మంచిదనే నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. కారేంత రాసిన నూనె వెనక్కి జారి ట్రిగ్గర్‌లో జిగురవుతుంది, చెక్క స్టాక్‌లో ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. గుడ్డకు నూనె రాసి, గుడ్డతో ఉక్కును తుడవండి. ఉక్కు మీద వేలు పెట్టి లాగితే గీత కనీకనిపించనట్టు పడాలి. బొట్టు ఏర్పడితే ఎక్కువైనట్టు.

ఏ నూనె అన్నది మన ఇళ్లలో తరచు వచ్చే ప్రశ్న. కొబ్బరి నూనె, నువ్వుల నూనె, వేరుశనగ నూనె రాయవద్దు. వంటనూనెలు గాలికి చిక్కబడి బంకలా మారతాయి. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల లోపే పేరుకుంటుంది, మిషిగన్ చలి సంగతి చెప్పనక్కరలేదు. కుట్టు మిషన్ నూనె కదిలే భాగాలకు పనికొస్తుంది గానీ, ఏడాది పాటు తుప్పును ఆపేందుకు తయారైంది కాదు. 1953లో తయారైన డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది, నీటిని తరిమేయడం. తడిసిన తుపాకీ మీద నీటిని తోలడానికి వాడండి, తర్వాత తుడిచి అసలు నూనె రాయండి. దాన్నే నమ్మి నిల్వ చేయవద్దు.

చిన్న తుప్పు మచ్చ కనిపిస్తే నాలుగు సున్నాల రకం సన్నని ఉక్కు పీచును నూనెలో ముంచి మెల్లగా రుద్దండి. తుప్పును కరిగించే ఆమ్లాలు బ్లూయింగ్‌ను కూడా తినేస్తాయి.

చెక్క స్టాక్, స్కోప్

చెక్కను తడిగుడ్డతో తుడిచి, ఆరాక, 'బాయిల్డ్ లిన్‌సీడ్' పేరుతో అమ్మే అవిసె నూనెను మూడు నాలుగు చుక్కలు అరచేతితో రుద్దండి. నూనె పూతతో చేసిన చెక్కకే ఇది, వార్నిష్ ఉన్నదానికి మైనం చాలు. ఒక హెచ్చరిక: అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి పారేస్తే వాటంతట అవే వేడెక్కి మంటలు లేస్తాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీటిలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

స్కోప్ అద్దానికి సాల్వెంట్ సోకనివ్వకండి. ముందు దుమ్మును ఊది, తర్వాతే అద్దాల గుడ్డతో తుడవండి. బ్యాటరీ ఉంటే తీసేయండి.

ఎక్కడ, ఎలా పెట్టాలి

స్పాంజి పెట్టె, తోలు తొడుగు, గుడ్డ సంచి ప్రయాణానికే. అవి తేమను పీల్చి తుపాకీ ఒంటికి అదిమి పెడతాయి. నా షాట్‌గన్‌కు జరిగింది అదే. తాళం ఉన్న ఇనుప బీరువాలో, గాలి ఆడేలా, నిలువుగా పెట్టండి. మొదటి కొన్ని వారాలు మూతి కిందికి ఉండేలా, మెత్తటి గుడ్డ మీద నిలబెడితే మిగులు నూనె చెక్కలోకి, ట్రిగ్గర్‌లోకి జారకుండా మూతి వైపు దిగుతుంది.

బీరువాలో చిన్న తేమ మీటరు పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఉక్కుకూ చెక్కకూ మంచిది. 60 దాటితే తుప్పు వేగం పుంజుకుంటుంది. ఇక్కడి బేస్‌మెంట్లు వేసవిలో చల్లగా, చెమ్మగా ఉంటాయి. కాంక్రీటు నేల మీద నేరుగా బీరువా పెట్టకుండా కింద చెక్కలు వేయండి. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు రంగు మారగానే వాటి మీద రాసిన వేడిలో ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ పెట్టండి. కరెంటు ఉంటే బీరువాను లోపలి నుంచి కొద్దిగా వెచ్చబరిచే కడ్డీ అన్నిటికంటే నమ్మకమైనది.

తూటాలు వేరే చోట, వేరే తాళంలో. మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి 13 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, మైనర్లు ఉన్న, లేదా వచ్చే అవకాశం ఉన్న ఇంట్లో మీరు పక్కన లేకుండా వదిలిన తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉండాలి, లేదా ఖాళీ చేసి తాళపు పరికరం బిగించి ఉండాలి. వారాంతంలో నలుగురైదుగురు కుటుంబాలతో వచ్చే ఇళ్లు మనవి. పిల్లలు గదులన్నీ తిరుగుతారు. తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి, బీరువా మీద కాదు.

భారతదేశంలో, ఊళ్లో లైసెన్సు తుపాకీ ఉన్న బంధువులకు కూడా ఈ భాగం చెప్పండి. ఎన్నికల నియమావళి వచ్చినప్పుడు తుపాకీని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించమంటారు. వారాల తరబడి అక్కడ ఎవరూ నూనె రాయరు. కాకినాడ, విశాఖ వంటి చోట్ల సముద్రపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. అప్పగించే ముందు రోజు గొట్టం శుభ్రం చేసి నూనె రాసి ఇవ్వాలి, తిరిగి రాగానే మళ్లీ చేయాలి.

ఏడాది మధ్యలో, మళ్లీ తీసేటప్పుడు

రెండు నెలలకోసారి చేతొడుగులు వేసుకుని తీయండి. ఖాళీగా ఉందో లేదో మళ్లీ చూడండి, నిరుడు చూశాం కదా అనుకోకండి. నూనె గుడ్డతో ఒకసారి తుడిచి పెట్టేయండి. పది నిమిషాల పని.

బోల్ట్ పిడికి ఒక చీటీ కట్టండి: "గొట్టంలో నూనె ఉంది, తుడవకుండా కాల్చరాదు" అని, తేదీతో. గొట్టంలో నూనె గానీ గ్రీజు గానీ ఉండగా కాల్చితే గురి మారుతుంది, లోపలి ఒత్తిడి పెరిగి ప్రమాదం కావచ్చు. అక్టోబరులో చీటీ విప్పి, పొడి గుడ్డలు తడి లేకుండా వచ్చేవరకు పంపండి, గొట్టంలో ఏదీ అడ్డు లేదని వెలుగు పెట్టి చూడండి. శుభ్రమైన గొట్టం నుంచి వచ్చే మొదటి ఒకటి రెండు గుళ్లు సాధారణంగా కాస్త పక్కకు పడతాయి. వాటిని రేంజ్‌లోనే (కాల్పులు సాధన చేసే చోట) కాల్చి, మూడో గుండు నుంచి గురి సరిచూసుకోండి.